పద్మక్క తినదు

సోమవారం పొద్దున పద్మావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్లాస్కులో ప్రొటీను పొడి కలిపిన పాలు, ఒక సీసాలో పలచటి మజ్జిగ, ఇంకో సీసాలో పప్పుకట్టు. పది రోజులు ఇవే తాగుతూ, నోరు మూసుకుని పీణ్యలోని ఫ్యాక్టరీలో డ్యూటీ చెయ్యాలి. పదకొండో రోజు, గురువారం నాడు, ఆస్పత్రిలో పడుకుని, బరువు తగ్గడానికి కడుపును కోయించి అరటికాయంత చేయించుకుని ఇంటికి రావాలి. కె.ఆర్.పురంలో ఉన్న అన్న వెంకటేశప్పకు తప్ప ఇంకొకరికి తెలియకూడదు. ఇందులో కష్టమైన పని ఆకలి కాదు, నోరు మూసుకోవడం. నలభై మూడేళ్ళలో పద్మావతి ఆ పని ఒక్క రోజు కూడా చేసి ఎరగదు.

ఆమె బరువు నూట ఇరవై ఒక్క కిలో. అందుకు ఆమె ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోదు. బస్సులో ఎవడైనా మూతి తిప్పితే, "నీ ఒళ్ళో కూర్చున్నానా? సీట్లోనే గదా కూర్చున్నా?" అని అడిగేస్తుంది. కానీ ఈ మధ్య నిద్రలో ఊపిరి ఆగుతోంది. ఆగినప్పుడల్లా పక్కన పడుకున్న కూతురు శ్రుతి మోచేత్తో పొడిచి లేపుతోంది. పదో తరగతి చదివే పిల్ల నిద్ర మానుకుని తల్లి ఊపిరికి కాపలా కాస్తోంది. ఆ సంగతి తెలిసిన రోజే పద్మావతి ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

ఒప్పుకుంది గానీ భయం పోలేదు. గిరీష్ అనే మొగుడు ఒకడుండేవాడు. ఎనిమిదేళ్ళ కిందట హెబ్బగోడిలో పని దొరికిందని పోయి, అక్కడే ఇంకో సంసారం కూడా దొరికించుకున్నాడు. తనకేమన్నా అయితే పిల్లకు ఎవరు? పైగా ఆ పిల్ల అమ్మమ్మ, బీపీ చూపించుకుని వస్తానని ఆటో ఎక్కి ఆస్పత్రికి పోయింది. ఆటో ఒక్కటే తిరిగి వచ్చింది. అప్పటినుంచీ ఆస్పత్రి అన్న మాట వింటే శ్రుతికి చేతులు చల్లబడతాయి. అందుకని పద్మావతి, ఈ పది రోజులూ అన్నం డ్యూటీలోనే అని, ఆ తర్వాత హోసూరులో నాలుగు రోజుల ట్రైనింగు అని చెప్పింది. చెప్పి ఊరికే ఉందా? గ్యాసు రెగ్యులేటరు మార్చడం, నీళ్ళ ట్యాంకరువాడితో పోట్లాడడం, ఉండలు కట్టకుండా రాగిముద్ద గెలకడం, అన్నీ ఒకే ఆదివారం నేర్పించేసింది.

"యాలమ్మా ఇవన్నీ ఇప్పుడు?" అంది శ్రుతి.

"నాలుగు దినాలు ఉండనని చెప్తిని గదా."

"నాలుగు దినాలకే గ్యాసు అయిపోతాదా?"

"మాటకి మాట చెప్పొద్దు. ముద్ద గెలుకు."

పథకం సోమవారం పదిన్నరకే బెడిసికొట్టింది. పొద్దున్నించీ నీళ్ళలాంటివే తాగే మనిషికి ఏమవసరం పడుతుందో ఏ డాక్టరూ చీటీ మీద రాయడు. పద్మావతి వాల్వుల కొలతలు చూసే ఆ షెడ్డులో పద్నాలుగు మంది ఆడవాళ్ళు, ఒకే ఒక్క టాయిలెట్టు. దానికి బయట తాళం ఉంది, లోపల గడియ లేదు. తాళంచెవి సూపర్‌వైజరు భుజంగరావు బల్ల మీద ఉంటుంది. ఎవరూ పోగొట్టకూడదని దాన్ని పనికిరాని పెద్ద గేరుకు ఇనుప తీగతో కట్టాడు మహానుభావుడు. రెండు కిలోల బరువు. ఆడమనిషి ఆ గేరును చంకలో పెట్టుకుని నడిస్తే, ఎక్కడికి పోతోందో షెడ్డు మొత్తానికీ తెలియాల్సిందే. ఆ తాళం తీయమని పద్మావతి మూడేళ్ళుగా అర్జీలు రాస్తూనే ఉంది. భుజంగరావు వాటి మీద టీ గ్లాసు పెడుతూనే ఉన్నాడు.

నాలుగోసారి వచ్చిన పద్మావతిని చూసి అతను కుర్చీలో వెనక్కు వాలాడు.

"ఏమ్మా, కాపురం అక్కడికే మార్చేసినావా? ఇంక అన్నం బెల్లు కొట్టేదాకా తాళంచెవి లేదు, పో."

పద్మావతి గేరు ఎత్తి బల్ల మీద పడేసింది. బల్ల మీది అద్దం నిలువునా చీలింది.

"నీకేమప్పా, గోడ యాడుంటే ఆడ నిలబడుకుంటావు. నీ ఇనుము మోసే కర్మ మాకేమి?" అని మళ్ళీ ఆ గేరే ఎత్తుకుని తన దారిన తాను పోయింది.

అన్నం బెల్లు కొట్టారు. అట్టపెట్టెలు చించి పరుచుకుని ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. పద్మావతి నాలుగు గిన్నెల క్యారియరు ఆ గుండ్రానికి నడిబొడ్డు. అందరి చేతులూ అందులో పడతాయి. ఆ రోజు నడిబొడ్డు ఖాళీగా ఉంది. కెంపమ్మ తన డబ్బా మూత తీసింది. అవరేకాయ గింజల సారు, అంటే అనపగింజల పులుసు.

"రా పద్మక్కా. క్యారియరేదీ?"

"తేలేదు."

"నాది తిను, రా."

"తినను."

"యాల? ఒంట్లో బాగలేదా?"

"ఒళ్ళు బాగుండాది. తినను. అంతే!"

సారు వాసన తగలకుండా పద్మావతి మొహం పక్కకు తిప్పి, పళ్ళు బిగించి, ఎదురుగా కనబడినదాన్ని కోపంగా చూసింది. ఎదురుగా కనబడింది భుజంగరావు. కెంపమ్మ ఆ చూపు వెంబడే చూసింది. చీలిన అద్దం, దాని మీద గేరు, వెనకాల భుజంగరావు. అంతా అర్థమైపోయింది. ఆమె డబ్బా మూత టప్పున మూసేసింది.

"అక్క తాళం తీసేదాకా తినదు!"

"నేను అట్ల అనలేదే," అంది పద్మావతి.

"నువ్వు అనేదేమి? నీ సంగతి మాకు తెలవదా!" కెంపమ్మ అప్పుడే కళ్ళు తుడుచుకుంటోంది.

మంగళవారం గోడ మీద అట్టముక్క వెలిసింది: పద్మక్క దీక్ష, రెండో రోజు. పాలూ మజ్జిగా దీక్షలో చెల్లుతాయని కెంపమ్మే తీర్పిచ్చింది. బుధవారం పక్క షెడ్డుల ఆడవాళ్ళు చూడడానికి వచ్చారు. ఇది ముదరకముందే తెంచేద్దామని పద్మావతి కెంపమ్మను పక్కకు పిలిచింది.

"కెంపమ్మా, నేను తినకుండా ఉండేది దీనికి కాదు..."

"తెలుసక్కా. పేరు కోసం చేసేదానివి కాదు నువ్వు."

ఇంకో మాట అనబోయేంతలో, మూడేళ్ళుగా నోరెత్తి ఎరగని ఒక ప్యాకింగు ఆమె భుజంగరావు బల్ల దగ్గరకు పోయి, అడక్కుండా, తల దించకుండా గేరు తీసుకుని నడిచింది. భుజంగరావు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. అది చూసి పద్మావతి తన నోరూ మూసుకుంది. ఇదంతా నా కడుపు ఆపరేషన్ కోసం అని ఇప్పుడు చెప్తే భుజంగరావు నవ్వుతాడు. ఆ నవ్వు పద్నాలుగు మంది మీదా పడుతుంది. అయినా తను అబద్ధమేమి చెప్పింది? తినడం లేదు. తాళం తీయమని అడుగుతోంది. రెండూ నిజమే. రెంటికీ ముడి వేసుకుంది వాళ్ళు.

గురువారం భుజంగరావు హోటలు నుంచి మసాలా దోశ తెప్పించి ఆమె బల్ల మీద పెట్టించాడు. పద్మావతి దోశ వైపు చూసింది. దోశ పద్మావతి వైపు చూసింది. "దీన్ని తీస్తావా, లేకుంటే నీ నెత్తిన చుట్టనా?" అని ఆమె వేసిన కేకకు మిషన్లు ఆపి మగవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. శనివారానికి నాలుగు కిలోలు తగ్గింది. "అయ్యో, ఎండిపోయినాది పాపం!" అని నూట పదిహేడు కిలోల మనిషిని చూసి ఆడవాళ్ళు ముక్కులు చీదారు. షుగరు దిగి మోకాళ్ళు తేలికపడి ఆమె మెట్లు చకచకా ఎక్కుతుంటే, దీక్ష మహిమ అన్నారు.

ఆమె సంచిలో ఏముందో వాళ్ళకు తెలియదు. మత్తు డాక్టరు ఇచ్చిన కాగితం ఉంది. ప్రాణాపాయం కలగవచ్చునని నాకు తెలుసు, ఇట్లు. ఇట్లు పక్కన ఖాళీ. యాజమాన్యం ఇచ్చిన నోటీసులు చదవకుండానే చించిపారేసిన మనిషి, ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివిందో! షెడ్డులో ఒంటరిగా ఉండగలిగే చోటు ఒక్కటే. అక్కడ, ఒళ్ళో గేరు, గేరు మీద కాగితం పెట్టుకుని చదివేది. బయట కెంపమ్మ తలుపు పట్టుకుని కాపలా నిలబడేది.

"అక్కా, ఏడుస్తా ఉండావా?"

"లేదు. జలుబు."

పద్మక్క నీరసించిపోతోందని కెంపమ్మ అందరికీ చెప్పింది. అది విని లేతు మిషను ఫయాజ్ మూడు నిమిషాల వీడియో తీసి, మా అక్క ప్రాణం పోతే ఎవరిది బాధ్యత అని రాసి, తెలిసినవాళ్ళందరికీ పంపాడు.

పదో రోజు, బుధవారం మధ్యాహ్నం, ఓనరు అశ్వత్థప్ప స్వయంగా దిగాడు. చేతిలో మైసూరుపాకు డబ్బా.

"పద్మావతమ్మా, ఇంకమీద తాళంచెవి మీ ఆడవాళ్ళ దగ్గరే పెట్టుకోండి. ఇదో, నోరు తియ్యి."

తెల్లవారితే ఆపరేషన్. ఒక్క ముక్క నమిలినా వాయిదా వేస్తామని డాక్టరు చెప్పాడు. లివరు మీద కొవ్వు కరగకపోతే లోపల కత్తి ఆడదట. వాయిదా పడితే మళ్ళీ ఇంత గుండె కూడగట్టుకోవడం తన వల్ల కాదని పద్మావతికి తెలుసు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"సరే, తాళమే తీయించేస్తాను."

నేతి వాసన ముక్కులోకి దూరింది. నోటి నిండా నీళ్ళు. మాట్లాడడానికి నోరు తెరిస్తే పరువు కారిపోయేలా ఉంది. ఆమె పెదాలు బిగించి చూసింది. ఆ మౌనానికి అశ్వత్థప్పకు చెమటలు పట్టాయి.

"లోపల గడియ పెట్టిస్తా. అబ్బా, ఇంకొక టాయిలెట్టు కట్టిస్తా తల్లీ! భుజంగరావూ, రాసుకోవయ్యా!"

సరిగ్గా అప్పుడే గేటు దాటుకుని, యూనిఫారంలో, స్టీలు డబ్బా పట్టుకుని శ్రుతి పరిగెత్తుకుంటూ వచ్చింది. అంతా దారి వదిలారు.

"క్లాసులో అందరూ వీడియో చూసినారు! దీనికేనా గ్యాసు నేర్పించింది? చచ్చిపోవాలనేనా?" డబ్బా మూత ఊడదీసింది. లోపల రాగిముద్ద, నిండా ఉండలు. "నేనే చేసినా. తిను. ఒక్క ముద్ద తినమ్మా!"

దోశకు లొంగని మనిషి, మైసూరుపాకుకు లొంగని మనిషి, ఆ ఉండల ముద్ద ముందు కూలిపోబోయింది. చెయ్యి డబ్బా దాకా పోయింది. ఆ చెయ్యే తిప్పి కూతురి మెడ చుట్టూ వేసి, దగ్గరకు లాక్కుని చెవిలో చెప్పేసింది. ఆస్పత్రి, కడుపు, గురువారం, హోసూరు, అంతా.

"రేపా?" శ్రుతి మొహం తెల్లబోయింది. "అమ్మమ్మ మాదిరి..."

"అమ్మమ్మ మాదిరి కాదు. నడుచుకుంటా పోతా, నడుచుకుంటా వస్తా."

"నీకు భయం లేదా?"

ఆ షెడ్డులో ఎవరికీ చెప్పని మాట పద్మావతి అప్పుడు చెప్పింది. "ఉండాది పాపా. చానా ఉండాది."

శ్రుతి ముక్కు తుడుచుకుంది. "నాకూ ఉండాది. నేనూ వస్తా. ఇంకొకసారి ట్రైనింగు అన్నావంటే చూడు." ఆగి, డబ్బా వైపు చూసింది. "ఇప్పుడు ఈ ముద్ద తింటే?"

"రేపు చెయ్యరు."

డబ్బా మూత ఠంగున పడింది. అంతవరకూ తినమని ఏడ్చిన పిల్ల వెనక్కి తిరిగి, తల్లికి అడ్డంగా నిలబడి, తల్లి గొంతుతోనే అరిచింది.

"మా అమ్మ తినదు! ఎవరూ ఆమె దగ్గరికి రావద్దండి! ఆ మైసూరుపాకు మీరే తినండి సార్!"

కన్నకూతురే తినవద్దంటోందంటే వీళ్ళు దేనికైనా తెగించారని అశ్వత్థప్పకు అర్థమైంది. గోడ మీది అట్టముక్క పీకించి, దాని వెనకాలే అన్నీ రాయించి సంతకం పెట్టాడు. కంగారులో మైసూరుపాకు నాలుగు ముక్కలు తనే తినేశాడు. ఆయనకూ షుగరే.

సాయంకాలం బస్‌స్టాపులో పద్మావతి కెంపమ్మకు నిజం చెప్పింది. కెంపమ్మ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.

"పది దినాలు అన్నం తిన్నావా, లేదా?"

"లేదు."

"తాళం తీస్తామని రాసిచ్చినారా, లేదా?"

"రాసిచ్చినారు."

"ఇంక నువ్వు చెప్పింది నాకేమీ వినబళ్ళేదు పద్మక్కా."

గురువారం పొద్దున ఆ కాగితం శ్రుతి బయటికి గట్టిగా చదివింది. ప్రాణాపాయం దగ్గర తల్లి చెయ్యి పట్టుకుంది. ఆగలేదు, చివరిదాకా చదివింది. పద్మావతి ఇట్లు పక్కన సంతకం పెట్టింది. అన్న వెంకటేశప్ప సాక్షి సంతకం పెట్టి, కూర్చోడానికి కుర్చీ అడిగాడు. స్ట్రెచరు తెచ్చారు. "కాళ్ళుండాయి నాకు," అని పద్మావతి ఆపరేషన్ గదిలోకి నడుచుకుంటూ పోయింది. మర్నాడు వార్డులో, సెలైను స్టాండు పట్టుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసి, టాయిలెట్టు దాకా నడిచి వచ్చింది. "లోపల గడియ ఉండాది, చూసినావా?" అంది మొదటి మాటగా. శ్రుతి ఫోన్లో అలారం పెట్టుకుని, పావుగంటకు ఒక చిన్న కప్పు నీళ్ళు తాగిస్తోంది. ఊపిరి లెక్కపెట్టే ఉద్యోగం నుంచి ఆమెకు గుక్కలు లెక్కపెట్టే ఉద్యోగానికి బదిలీ అయింది.

మధ్యాహ్నం కెంపమ్మ ఫోను చేసింది.

"అక్కా, తాళం పీకినారు. పీకతా ఉంటే తలుపే ఊడొచ్చింది. కొత్త తలుపు వచ్చే నెల అంటా ఉండాడు భుజంగరావు. గోనెపట్ట కట్టినాడు!"

పద్మావతి చేతిలోని కప్పు పక్కన పెట్టింది. "పాపా, డాక్టరు ఇంకెన్ని దినాలు అన్నం పెట్టొద్దన్నాడు?"

"నెల."

ఆమె ఫోను నోటి దగ్గరకు తెచ్చుకుంది. గొంతు బొంగురుగా ఉంది గానీ వాడి తగ్గలేదు.

"కెంపమ్మా, కొత్త అట్టముక్క తీసుకో. ఒకటో రోజు అని రాయి."

సాయంకాలానికి తలుపు వచ్చింది, లోపల గడియతో సహా.