గుర్రం చెవిలో చెప్పిన పేరు

ధన్... ధన్... ధన్... పుంగనూరు జట్కా వీధి ఇంకా కళ్ళు తెరవలేదు గానీ, ఆ చప్పుడు అప్పుడే లేచి కూర్చుంది. గోవిందమ్మకు చూడకుండానే తెలుసు, కొట్టంలో గుర్రం తలుపు తన్నుతోందని. ఆకలై కాదు, అలవాటై.

ఆ ఉదయం చేయవలసినది చిన్న పని. గుర్రాన్ని లారీ ఎక్కించాలి, పొద్దు గూకేలోపల కుప్పంలో దించాలి. దాన్ని కొన్న మామిడితోట యజమాని ఒక మాటన్నాడు: గుర్రం ఎవరినీ తోయకుండా నిదానంగా దిగితే, దాన్ని చూసుకునే కొలువు గోవిందమ్మ ఇంటాయనకే. యుద్ధం వచ్చి ఉలవలు కరువై, జట్కా మూలబడిన ఆ ఇంటికి వేరే దారి లేదు.

ఇంటాయన మూడు వారాలు శిక్షణ ఇచ్చాడు. మట్టిదిబ్బకు బల్ల వాల్చాడు. గిట్టల చప్పుడు కాకుండా దానిమీద గడ్డి పరిచాడు. ముందుకు అడుగేస్తే బెల్లం ముక్క, మనిషిని తోస్తే రెండడుగులు వెనక్కి. గుర్రం బెల్లమంతా తిన్నది. బల్ల దగ్గరికి రాగానే ఆయన వీపుకు తల ఆనించి ఆయననే పైకి నెట్టింది. మూడు వారాల్లో బల్ల ఎక్కడం చక్కగా నేర్చినది ఆయనే.

అసలు కిటుకు గోవిందమ్మకు తెలుసు. మూడు నెలల కిందట ఆ గుర్రాన్ని తమకు అమ్మిన మదనపల్లె జట్కా యేసుదాసు ఆమెను పక్కకు పిలిచి, "పేరు పెట్టి ఎక్కమంటే యాడికైనా ఎక్కుతాదమ్మా. లేకుంటే ఎవురు సెప్పినా ఇనదు" అన్నాడు. ఆ పేరూ చెప్పాడు, నేల చూస్తూ చెప్పాడు. అందరినీ తోసుకొని ముందుకొచ్చే దాని గుణం చూసి, అదే గుణంగల స్నేహితుడి పేరు పెట్టుకున్నాడట. ఆ స్నేహితుడు గోవిందమ్మ ఇంటాయనే.

ఆయన ముఖాన చెప్పే ధైర్యం యేసుదాసుకు లేదు. మొగుడి పేరు పలికే ఆచారం గోవిందమ్మకు లేదు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. జనాభా లెక్కల గుమాస్తా అడిగినప్పుడు కూడా పక్కింటి బయ్యమ్మ చేతనే చెప్పించింది. ఈ సంగతి బయ్యమ్మకు చెబుదామంటే, పుంగనూరంతటికీ దండోరా వేసినట్టే. వాకిట్లో ఎవరైనా ఆయనను పేరు పెట్టి పిలిస్తే కొట్టంలోంచి గుర్రం సకిలించేది. నా పేరు వింటేనే దానికెంత ప్రేమో అని ఆయన మురిసిపోయేవాడు.

ఏడింటికి డ్రైవరు సుబ్రమణ్యం, పెట్రోలు దొరక్క బొగ్గుగ్యాసుతో నడిపే లారీ తెచ్చి దిబ్బకు ఆనించాడు. ఆయన పగ్గం పట్టి ముందు నడిచాడు. గుర్రం తలతో ఒక్క తోపు తోసింది. లారీ లోపలినుంచి ధబ్బుమని వినబడగానే, ఎక్కవలసినది ఎక్కిందనుకొని సుబ్రమణ్యం లారీ కదిలించాడు. ఆయన అరుపులు అతనికి సంతపేట దగ్గర వినిపించాయి. ఈలోగా పగ్గం ఈడ్చుకుంటూ లారీ వెంట పరుగెత్తిన గుర్రం బయ్యమ్మ కుండలు రెండు, ఎవరిదో రాగులబుట్ట ఒకటి తోసిపారేసింది. లారీ తిరిగొచ్చేసరికి వెనక గుర్రం, గుర్రం వెనక వీధి సగం.

గోవిందమ్మ ఇక ఆగలేక, "పేరు పెట్టి పిలువయ్యా" అంది.

"దానికి పేరేందే?"

ఆమె గడ్డంతో ఆయన రొమ్ము వైపు చూపింది.

"నన్నా ఎక్కమంటాండావు? ఇప్పుడే గదా ఎక్కి సంతపేట దాకా పోయొచ్చినాను."

పేరన్న మాట పడగానే వీధి అందుకుంది. తలా ఒక దేవుడి పేరు పెట్టి గుర్రాన్ని పిలిచారు. ఏ దేవుడికీ గుర్రం పలకలేదు.

"బొగ్గు ఆరిపోతాండాదప్పా. ఉత్త బండే తోలుకొని పోతాను" అన్నాడు సుబ్రమణ్యం.

గోవిందమ్మ కంటి ముందు అడుగంటిన ఉలవల కుండ మెదిలింది. తలమీద కొంగు లాక్కుంది. గుర్రం చెవికి నోరు ఆనించి, కళ్ళు మూసుకొని చెప్పింది. గుర్రం బుద్ధిమంతుడిలా బల్ల ఎక్కి, లారీలో మూలకు ఒదిగి నిలబడింది.

"ఏం సెప్పినావే?"

ఆమె మళ్ళీ గడ్డంతో ఆయన రొమ్ము వైపే చూపింది. పక్కనే ఉండి విన్న సుబ్రమణ్యం పగలబడి నవ్వాడు. "నీ పేరేనప్పా. గుర్రానికీ నీ పేరే ఉండాది."

ఆయన దిబ్బమీద చతికిలబడ్డాడు. తనకు తెలియకుండా తన పేరు మూడు నెలలుగా తన కొట్టంలోనే గడ్డి మేస్తోందా? "ఆ పేరుగలవాడే పోనీ కుప్పానికి. కొలువు కూడా వాడే సేసుకుంటాడు" అన్నాడు. బయ్యమ్మ చెయ్యి పట్టి లాగింది. ఆయన కాళ్ళు బిగబట్టాడు. సుబ్రమణ్యం వెనకనుంచి నెట్టాడు. ఆయన ఇంకా బరువయ్యాడు. ఎవరో బెల్లం ముక్క అందించారు. తిన్నాడు, కదల్లేదు.

గోవిందమ్మ చూసింది. లాగకూడదు, నెట్టకూడదు, మూడు వారాలుగా ఆయన నోటే విన్నది. ఒకసారి పలికితే ఆకాశమేమీ విరిగి పడలేదని కూడా ఇందాకే తెలిసింది. తలమీది కొంగు తీసి నడుముకు బిగించింది.

రెండో శాల్తీ ఎక్కడానికి మొదటిదానికన్నా తక్కువ సేపే పట్టింది. పిలుపు మాత్రం వీధి చివరిదాకా వినబడింది.

"ఎక్కు, చెంగల్రాయా."