దొంగజేబు

విదేశంలో ఆఖరి రోజు ఉదయం, రిటైరైన క్యాషియర్ గారు హోటల్ గదిలో అద్దం ముందు నిలబడి ఆనాటి కార్యక్రమం ప్రకటించారు. తొమ్మిదిన్నరకు ఏటీఎంలో డబ్బు తీయాలి. పదికి రేవు చేరాలి. పదిన్నరకు పడవ ఎక్కాలి. పన్నెండుకల్లా అగ్నిపర్వతం చూడాలి.

ఆ అగ్నిపర్వతం ఆయన భార్య కోసం. టీచరమ్మ ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు భూగోళం చెప్పింది. ఎర్ర సుద్దముక్కతో నల్లబల్ల మీద ఎన్ని అగ్నిపర్వతాలను బద్దలు కొట్టిందో లెక్కే లేదు గానీ, నిజమైనదాన్ని ఒక్కటీ చూడలేదు. ఈ ప్రయాణమంతా దాని కోసమే. తీరా వస్తే సముద్రం పోటెత్తి మూడు రోజులుగా పడవ కదలలేదు. ఇవాళ కదులుతుంది. రేపు తెల్లారితే వీళ్ల తిరుగు విమానం.

వీధి మూల ఏటీఎం కార్డును మింగి, కాసేపు ఆలోచించి, తిరిగి కక్కేసింది. డబ్బు మాత్రం రాల్చలేదు. విదేశానికి వెళ్తున్నామని ముందే బ్యాంకుకు చెప్పకపోతే ఆయన కార్డు అక్కడ పనిచేయదు. ఈ ముక్కను ఏళ్ల తరబడి కౌంటరు వెనక నుంచి వచ్చినవాళ్లందరికీ కేకలేసి మరీ చెప్పినవారు సాక్షాత్తూ క్యాషియర్ గారే.

“మీరు చెప్పలేదా?” అంది టీచరమ్మ.

“ఆ బ్యాంకులో పనిచేసినవాణ్ణి, నేను చెప్పడమేంటే? వాళ్లకు తెలీదూ?” అని ఆయన పొట్ట తట్టుకున్నారు. “అయినా కంగారెందుకు? దొంగజేబు ఉందిగా!”

నగదు ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉండాలనేది ఆయన ఉద్యోగధర్మం. అందుకని బయల్దేరే ముందు మార్పించుకున్న నోట్లన్నీ ఆయన బనియను లోపలివైపు, సరిగ్గా బొడ్డు మీద కుట్టించుకున్న జేబులో ఉన్నాయి. హోటలుకీ తిండికీ ముందే కట్టేసి రావడంతో ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకునే పనే పడలేదు. టీచరమ్మ హ్యాండ్‌బ్యాగులో చిల్లిగవ్వ లేదు.

“గదికి వెళ్లి తీసుకుందామా?”

“టైమేదీ? రేవులో బాత్‌రూమ్ ఉంటుంది. నిమిషం పని.”

బాత్‌రూమ్ ఉంది. దాని ముందు ఇనుప గేటు ఉంది. గేటుకు నాణెం వేసే చిల్లు ఉంది. పక్కనే నీలం కోటు వేసుకున్న ముసలామె కాపలా ఉంది. నోటు తీయాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే నాణెం కావాలి, నాణెం రావాలంటే నోటు మార్చాలి. క్యాషియర్ గారు ఈ చక్రంలో మనసులోనే మూడు చుట్లు తిరిగి, ఆయాసపడి ఆగారు.

“ఇక్కడే గుండీలు విప్పి తీసెయ్యండి, ఎవరు చూస్తారు?”

“డబ్బెక్కడుందో దొంగలకు పిలిచి చూపించమంటావా?” అన్నారు గానీ, గడియారం పదీ పది చూపించేసరికి గోడవైపు తిరిగి చొక్కాలోకి చెయ్యి పోనిచ్చారు. మరుక్షణం ఆయన ముఖం మారిపోయింది.

“దీని మూతి కుట్టేశావేంటే!”

“జారిపోకూడదన్నది మీరేగా. రెండు వరసలు వేశాను.”

“కత్తెర?”

“విమానాశ్రయంలో లాగేసుకున్నారుగా!”

క్యాషియర్ గారు వంగి, పళ్లు బిగించి, మూలుగుతూ ఆ జేబును పీకడం మొదలుపెట్టారు. దారం తెగలేదు, చెమట మాత్రం ధారగా కారింది. ఇక లాభం లేదని ముసలామె వైపు తిరిగి, కత్తెర ఇమ్మని రెండు వేళ్లు ఆడిస్తూ పొట్ట మీద అడ్డంగా గీసి చూపించారు. గోడకు ఆనుకున్న పెద్దాయన, ఎర్రబడ్డ ముఖం, పొట్ట పట్టుకున్న చెయ్యి, పైగా కొయ్యమంటున్న సైగ! ముసలామె గుండె మీద చెయ్యేసుకుని, ఈల తీసి ఊదింది.

ప్రథమ చికిత్స గదిలోంచి నర్సు చక్రాల కుర్చీతో దూసుకొచ్చింది. ఆయన “నో, నో” అంటుండగానే అందులో కూర్చోబెట్టి, తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి, పొట్ట నొక్కింది. చేతికి గట్టిగా, నలుచదరంగా ఏదో తగిలింది. నర్సు గతుక్కుమంది.

“నొప్పిగా ఉందా?” అని ఇంగ్లీషులో అడిగింది.

“నొప్పి కాదమ్మా, డబ్బు! డబ్బు!” అని ఆయన వచ్చిన ఇంగ్లీషులో మొత్తుకున్నారు.

“డబ్బు గురించి ఇప్పుడు ఆలోచించకండి,” అని ఆమె జాలిగా చెప్పి, అంబులెన్సు కోసం ఫోనెత్తింది.

“ఆగు!” అంది టీచరమ్మ. అరవైమంది పిల్లలను ఒక్కసారిగా కూర్చోబెట్టిన గొంతు అది. నర్సు ఫోను పెట్టేసింది. టీచరమ్మ ట్రేలోంచి కత్తెర తీసి, మొగుడి చొక్కా పైకి లాగి, టకటకా నాలుగు కత్తిరింపులు వేసింది. నోట్ల కట్ట బయటపడింది. నర్సు కట్టను చూసి, ఆయన్ను చూసి, కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

పడవ మొదటి కూత కూసింది. క్యాషియర్ గారు లేవబోయారు. నర్సు నవ్వు ఆపకుండానే భుజం పట్టి పడుకోబెట్టింది. ఇంత హడావిడికి ఆయన రక్తపోటు ఆకాశాన్ని అంటింది. పేరు రిజిస్టర్లో ఎక్కింది. గంటసేపు విశ్రాంతి తీసుకోవాలి, పడవ ఎక్కనివ్వరు. రిజిస్టర్లో ఎక్కిన పేరు కొట్టేయడం కుదరదని ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు?

టీచరమ్మ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది. “పోనీలెండి. కొండేగా, ఫొటోలో చూసుకుంటాను,” అంది. కళ్లు మాత్రం కిటికీలోంచి పడవ మీదే ఉన్నాయి.

క్యాషియర్ గారు జీవితంలో మొదటిసారి నగదు మొత్తం వేరొకరి చేతిలో పెట్టారు, అదీ లెక్కపెట్టకుండా. “నువ్వు పరిగెత్తవే! నేనెక్కడికీ పోను.”

ఆవిడ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. టికెట్టుకు రెండు నోట్లు లాక్కుని, మిగతా కట్ట ఆయన గుండెల మీద పడేసి, చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తింది.

కిటికీలోంచి పడవ కదలడం కనిపించింది. ముందు భాగంలో నిలబడి టీచరమ్మ రెండు చేతులూ ఊపుతోంది. ఆవిడ అంత సంబరంగా నవ్వడం పెళ్లైన కొత్తలో కూడా ఆయన చూడలేదు. క్యాషియర్ గారికి కళ్లు చెమర్చాయి. అగ్నిపర్వతం చూడకపోతేనేం, ప్రయాణం గిట్టుబాటయిందనిపించింది.

గంట గడిచాక నర్సు బిల్లు తెచ్చింది. కుర్చీకి ఇంత, పరీక్షకు ఇంత, మంచానికి గంటకు ఇంత. ఆయన ఏమాత్రం తొణక్కుండా, కట్టలోంచి నోట్లు తీసి, వేలు తడి చేసుకుని లెక్కపెట్టి, దర్జాగా చెయ్యి చాపారు.

నర్సు ఆ చేతిని మృదువుగా వెనక్కి నెట్టి గోడ మీది బోర్డు చూపించింది: ఇక్కడ నగదు తీసుకోబడదు.