రోబోతో పాటే పోయిన చల్లదనం

పరిశ్రమ మనసు మార్చుకుంది! ఇన్నాళ్ళూ రోబోలు, సెన్సార్లు, డిజిటల్ అంటూ ఊగిపోయిన పెద్దలే ఇకపై ఫ్యాక్టరీకి మనిషే కేంద్రం అంటున్నారు. పైగా భూమాతకు ఏ హానీ లేకుండానట. ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది? నమ్మనివాళ్ళు ఒమాన్‌లోని సోహార్ వచ్చి మా నర్సింగ్‌ను చూడండి.

నర్సింగ్‌ది సిరిసిల్ల దగ్గరి పల్లె. ఇనుప సలాకలు తయారుచేసే కంపెనీలో డ్యూటీ. మొన్నటిదాకా సలాకలను మోపులు కట్టే పని ఒక రోబోది, దాన్ని కనిపెట్టుకుని ఉండే పని ఇతనిది. రోబో అంటే సుకుమారం కదా! కాస్త వేడి తగిలితే దాని బుర్ర పనిచేయదు. అందుకని ఆ షెడ్డుకు పెద్ద ఏసీ పెట్టారు. దాని పేరు చెప్పుకుని నర్సింగ్ కూడా చల్లగా బతికాడు.

ఇంతలో ఈ కొత్త యుగం వచ్చిపడింది. మనిషి చేతికి విలువ పెరగాలని రోబోను గోదాములో పెట్టారు. మోపులు కట్టే గౌరవం నర్సింగ్‌కు దక్కింది. రోబో లేని షెడ్డుకు ఏసీ దేనికి? అదీ ఆపేశారు. భూగోళం వేడెక్కిపోతోందట, దాన్ని చల్లబరచడం నర్సింగ్ షెడ్డు నుంచే మొదలుపెట్టారు! కొలిమి నుంచి కాలుతూ వచ్చే సలాకల సెగ, బయటి ఎండ కలిసి అతన్ని ఉడకబెడుతున్నాయి. పాపం, అతనికి కావలసింది ఒక్కటే, ఆ ఏసీ మళ్ళీ వేయడం.

అడగకుండా చేశారనుకునేరు! మస్కట్ ఆఫీసు నుంచి వాణి మేడం ట్యాబ్ పట్టుకుని స్వయంగా వచ్చింది. మన తెలుగావిడే.

"కొత్త పద్ధతిలో ఎలా ఉన్నారు నర్సింగ్ గారూ?"

"మంచిగనే ఉన్న మేడం."

ఆవిడ ట్యాబ్ మీద నవ్వుముఖం నొక్కింది. ఏసీ సంగతి అంతటితో తేలిపోయింది.

ఆ సాయంత్రం సంగతి విని, నర్సింగ్ రూమ్‌లోనే ఉండే కడప ఖాదర్‌వలి తల పట్టుకున్నాడు. "ఆయమ్మ అంత దూరం నుంచి వచ్చి అడిగితే, ఏసీ కావాలని నోరు తెరిచి చెప్పలేకపోతివా?"

"ఇంకోపారి అడుగుతదనుకున్న భాయ్. ఎవలన్న ఒక్కపారికే చెప్తరా?"

న్యాయమైన మాట. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఆకలితో కడుపు కాలుతున్నా, మొదటిసారి అడిగితే "ఇప్పుడే తిన్నాం" అనే అంటాం. రెండోసారి అడిగితేనే కంచం ముందు కూర్చుంటాం. ట్యాబ్‌కు ఆ మర్యాద ఎవరు నేర్పుతారు?

వారం తిరక్కుండానే నర్సింగ్ మోపు కడుతూ కళ్ళు తిరిగి పడిపోయాడు. కంపెనీ గుండె తరుక్కుపోయింది. వాణి మేడం పరుగున వచ్చింది. ఈసారి నిజంగానే రెండుసార్లు అడిగింది.

"షెడ్డుల వేడికి పానం పోతుంది మేడం," అన్నాడు నర్సింగ్, సిగ్గుపడుతూనే.

చూశారా మానవత్వం! మర్నాడే చర్య తీసుకున్నారు. మనిషి వేడికి తాళలేకపోతున్నాడు గనుక షెడ్డు పని మళ్ళీ రోబోకే ఇచ్చారు. రోబో వచ్చింది గనుక ఏసీ వేశారు. నర్సింగ్‌ను ఆ షెడ్డు బాధ నుంచి తప్పించి, గోడ అవతల, ఆరుబయట, మోపులకు చీటీలు కట్టే తేలిక పనిలో పెట్టారు. ఏసీ వెనకడబ్బా వేడిగాలిని కక్కేది సరిగ్గా అక్కడే, అతని వీపు మీదికే.

మొన్న మేడం మళ్ళీ వచ్చింది. "ఇక్కడ గాలి బాగా వస్తోందా?" అని ఆప్యాయంగా అడిగింది.

నర్సింగ్ ఇక మొహమాటపడదలచుకోలేదు. అడగగానే నోరు తెరిచాడు.

"గాలైతే మస్తు కొడ్తుంది మేడం. గని అది..."

మేడంకు మొదటి మాట చాలింది. సంతోషంగా ట్యాబ్ మూసి కారెక్కింది.