పేజీకి ప్రాణమొచ్చింది

లైబ్రరీ అంటే మనం పేజీలు తిప్పే చోటు అనుకునే కాలం పోయింది. ఇప్పుడు పేజీయే మనల్ని తిప్పుతోంది! ఇంతకంటే మహాభాగ్యం ఉంటుందా? నమ్మకపోతే మా టైలరు సంగతి వినండి.

మా పేట లైబ్రరీకి ఫోన్లో ఒక పేజీ ఉంది. పాపం, చాలాకాలం అది "ఆదివారం సెలవు" తప్ప మరో ముక్క ఎరగదు. పై ఆఫీసరు చూసి, "ఏంటమ్మా, గోడ మాట్లాడినట్టుంది? మనిషి మాట్లాడినట్టుండాలి" అని లైబ్రేరియన్ గారికి ఆర్డరేశారు.

అంతే! పేజీ పొద్దున్నే "లేచారా బంగారాలూ?" అంటుంది. మధ్యాహ్నం "తిన్నారా?" అంటుంది. మబ్బు పడితే గొడుగు గుర్తుచేస్తుంది. సొంత తోబుట్టువులైనా ఇంత ఆరా తీస్తారా?

మొన్న టైలరు వెళ్లేసరికి లైబ్రేరియన్ గారు కౌంటర్ వెనక, ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుని లైవ్‌లో ఉన్నారు. అతగాడు డిటెక్టివ్ నవల మొదటి భాగం ముగించి, హంతకుడెవరో తెలియక, ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టేసి మరీ పరుగెత్తుకొచ్చాడు. పూర్వమైతే గుమ్మంలో అతని చెప్పుల చప్పుడుకే కౌంటర్ కింద దాచిన రెండో భాగం పైకొచ్చేది. ఎంత అనాగరికం! ఫాలోవరో కాదో చూడకుండా, మొహం చూసి పుస్తకం ఇచ్చేయడమే?

"అమ్మా, రెండో భాగం..." అన్నాడు.

"ష్, లైవ్. ఏదైనా ఉంటే పేజీలో పెట్టండి" అన్నారావిడ, తలెత్తకుండా.

టైలరు ఎదురు బెంచీ మీద కూర్చుని కామెంట్ పెట్టాడు. ఆవిడ ఫోన్లో చూసి కరిగిపోయారు. "రెండో భాగం అడిగిన నేస్తమా, ఎంత దూరాన ఉన్నా సరే, ఒక్కసారి మా కౌంటర్ దగ్గరికి రండి. మీ మొహం చూస్తే చాలు, ఏం కావాలో మాకే తెలిసిపోతుంది."

నేస్తం లేచి నాలుగడుగులు వేసి కౌంటర్ దగ్గరికొచ్చాడు.

"ష్" అన్నారావిడ.

అప్పుడు కనిపించింది, ఫోన్‌కి ఆసరాగా నిలబెట్టిన లావుపాటి పుస్తకం. రెండో భాగమే! పాత అలవాటు కొద్దీ అతనికోసం తీసిపెట్టిందే పాపం, స్టాండు ఉద్యోగంలో కుదురుకుంది. టైలరు మెల్లగా లాగాడు. ఫోన్ బోర్లా పడింది. లైవ్‌లో చీకటి, ఆ చీకట్లో ఒక గొంతు.

"అయ్యో, బాబాయ్, మీరా? ఎంతసేపైంది వచ్చి? ఏంటలా వాడిపోయారు? ముందు మంచినీళ్లు తాగండి, పుస్తకం ఎక్కడికీ పోదు."

ఆ చీకటి ముక్కకి లైకుల వాన కురిసింది. "ఇన్నాళ్లకి మనిషి గొంతు విన్నాం" అని జనం కామెంట్లు. ఆఫీసరు పొంగిపోయి, రోజూ ఇలాగే చెయ్యమని మళ్లీ ఆర్డరేశారు.

ఇప్పుడు టైలరు రోజూ వెళ్లి పుస్తకం లాగుతాడు. ఫోన్ పడుతుంది. ఆవిడ "అయ్యో, బాబాయ్" అంటారు. తర్వాత పుస్తకం మళ్లీ ఫోన్‌కి ఆసరాగానే. రేపు లాగడానికి ఉండాలి కదా!

హంతకుడెవరో అతనికింకా తెలియదు. తెలిసేదాకా కత్తెర ముట్టనంటున్నాడు. నాకేం తొందర లేదనుకోండి. కాకపోతే, ఆ రెండు ఎడమ చేతుల చొక్కా నాదే.