గురువారాల మృతుడు

మనిషి చావడానికి ఒక్క క్షణం చాలు. బతికే ఉన్నాడని ఒప్పించడానికి మాత్రం నాలుగు సంతకాలు, రెండు ఫొటోలు, ఒక గుండ్రటి ముద్ర, వీటన్నిటికీ తోడు ఒక గురువారం కావాలి. గురువారమే ఎందుకని అడిగేవాళ్ళు జనన మరణాల నమోదు కార్యాలయం గడప తొక్కి ఉండరు. అటువంటివాళ్ళు ధన్యులు. వాళ్ళింకా పుట్టి ఉండరు.

గొడుగుల మేస్త్రి ఆ గడప తొక్కాడు. ఒకసారి కాదు, రెండు జతల చెప్పులు అరిగేదాకా తొక్కాడు. మార్కెట్టు మలుపులో ఆయనకి ముప్పై ఏళ్ళుగా ఒక కొట్టుంది. మంచమంత జాగా, పైన రేకు, లోపల గోడ నిండా గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడే గొడుగులు. ఊచ విరిగినా, పిడి ఊడినా, గుడ్డ చిరిగినా ఆయన చేతిలో పడితే ఆ గొడుగు మళ్ళీ రెక్క విప్పాల్సిందే. ఎన్ని గొడుగులను బతికించాడో లెక్కలేదు. తనని తాను బతికించుకోవడమే ఆయనకి చేతకాలేదు.

జరిగింది చాలా చిన్న పొరపాటు. మేస్త్రి అన్న కాలం చేస్తే, ఆ కబురు రాయించడానికి మేస్త్రి వెళ్ళాడు. ఫారంలో పక్కపక్కనే రెండు గళ్ళున్నాయి. ఒకటి చనిపోయినవారి పేరుకి, ఇంకొకటి చెప్పవచ్చినవారి పేరుకి. గుమాస్తా కలం ఒక్క అంగుళం పక్కకి జరిగింది, అంతే. పోయిన అన్నగారు పోయిన మూడో రోజున స్వయంగా నడిచి వచ్చి, కిటికీ దగ్గర వరసలో నిలబడి, తమ్ముడి చావు కబురు చెప్పి, వేలిముద్ర వేసి వెళ్ళినట్టు రికార్డైంది. (వేలిముద్ర అరిగి ఉందని ఆయన చేత రెండోసారి కూడా వేయించారట.)

"అమ్మా, నేను బతికే ఉన్నానమ్మా," అన్నాడు మేస్త్రి మూడో కిటికీ ముందు నిలబడి.

కిటికీ వెనకున్న గుమాస్తా మేడం ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఆ తర్వాత పుస్తకం చూసింది. పుస్తకాన్నే నమ్మింది.

"తప్పు పడిందంటున్నారు. పద్నాలుగో నిబంధన ప్రకారం తప్పుడు సమాచారం ఎవరిచ్చారో వాళ్ళే వచ్చి దిద్దుకోవాలి. మీ అన్నగారిని ఓసారి తీసుకురండి."

"ఆయన పోయాడమ్మా!"

"పోయింది మీరండీ. ఇదిగో, రాసుంది. పాపం ఆయన అంత బాధలోనూ వచ్చి చెప్పారు. మీరేమో ఆయన్ని పోయాడంటున్నారు."

అన్న మీద మేస్త్రికి ఆ క్షణాన కొంచెం కోపం వచ్చిన మాట వాస్తవం.

ఇంట్లో భార్య సంగతంతా విని నడుం మీద చెయ్యేసుకుంది. "నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఏనాడూ చెప్పిన టైముకి ఇంటికి రాలేదు. ఇప్పుడు పోయావని రాసిచ్చాక సాయంత్రం ఆరు కొట్టేసరికి గుమ్మంలో ఉంటున్నావు. దయ్యమే నయంలే."

"నీకు వేళాకోళంగా ఉందే. కొట్టు అనుమతి కాయితం ఈ ఏడు మళ్ళీ రాయించుకోవాలి. చచ్చినోడి పేర రాయరట. బతికున్నట్టు కాయితం తేకపోతే గడువు మర్నాడు వచ్చి సీలేస్తారట."

దాంతో ఆవిడ వేళాకోళం కొండెక్కింది. గడువు ఎన్నాళ్ళుందని అడిగింది. మూడు నెలలుందని చెప్పాడు. మూడు నెలల్లో ఒక మనిషి బతకలేడా అని ఇద్దరూ ధైర్యం చెప్పుకున్నారు. అమాయకులు.

ఆ తర్వాతి గురువారం మధ్యాహ్నం మేస్త్రి వరసలో నిలబడ్డాడు. ముందు ఇద్దరే ఉన్నారు. సరిగ్గా మూడు కొట్టగానే కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. వాటి మీద అట్టముక్కలు వేలాడాయి. "గురువారం మూడు గంటల నుంచి మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాల వరకు జననములు, మరణములు స్వీకరించబడవు. అత్యవసరమైన మరణములకు శుక్రవారం తేదీ వేయబడును."

వరసలో ఉన్న మిగతా ఇద్దరూ అలవాటైనవాళ్ళలా కింద కూర్చున్నారు. మేస్త్రికి మాత్రం కుతూహలం ఆగలేదు. కిటికీ చెక్కల సందులోంచి ఒంటి కన్నుతో చూశాడు. లోపల దస్త్రాల గదిలో కార్యాలయం కార్యాలయమంతా ఒకే కంప్యూటరు ముందు కొలువుదీరి ఉంది. మధ్య కుర్చీలో రిజిస్ట్రారుగారు, ఆయన పక్కన మూడో కిటికీ మేడం, వెనక బెంచీ మీద మిగిలినవాళ్ళు, తలుపు దగ్గర బంట్రోతు. తెర మీద జపాను బొమ్మల సీరియలు, అదే యానిమే. తెల్లజుట్టు కుర్రాడొకడు నల్ల గొడుగు పట్టుకుని వానలో నడుస్తున్నాడు. వాడొక డిటెక్టివు. అంతకు ముందొక శవం. ఎవరు చంపారో తెలియకుండా పోయినవాళ్ళ కేసులన్నీ వాడు తేలుస్తాడు గానీ, తనని ఎవరు చంపారో వాడికే తెలియదు. గొడుగు విప్పితేనే మనుషులకి కనబడతాడు. మూసేస్తే మాయం. మొత్తం పన్నెండు భాగాలు, వారానికొకటి.

ఈ సీరియలుని ఆ కార్యాలయం చూస్తోందంటే చాలదు, నిర్వహిస్తోంది. మొదట్లో వచ్చే పాటని దాటవేయరాదని ఉత్తర్వు ఉంది. కింద పరుగెత్తే అక్షరాలను మేడం తెలుగులో గట్టిగా చదవాలి, దయ్యాల మాటలు మాత్రం సన్నగా చదవాలి. భాగం పూర్తయ్యాక ప్రతి ఒక్కరూ ఊహల రిజిస్టరులో "హంతకుడెవరు" అనే గడి నింపి సంతకం చేయాలి. కథ ముందుగా బయటపెట్టడం నేరం. ఇంటి దగ్గర ముందే చూసేసి, పొద్దున్నే టీ అందిస్తూ "ఆ నర్సు మనిషి కాదండోయ్" అని నోరు జారిన బంట్రోతుని వారం రోజులు జననాల విభాగానికి వేశారు. (అక్కడ సస్పెన్సు ఉండదు. పుట్టినవాడు పుట్టాడనే రాస్తారు.)

ఆ రోజు భాగం అయిపోయింది, గొడవ మొదలైంది. గొడుగులో ఏదో మర్మం ఉందని రిజిస్ట్రారుగారు. గొడుగులో ఏముంటుంది, మర్మమంతా ఆ నర్సు దగ్గరే ఉందని మేడం. కిటికీ సందులోంచి ఒక గొంతు వినబడింది.

"ఆ గొడుక్కి తొమ్మిది ఊచలున్నాయండీ."

గదిలో తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి.

"ఎవరది?"

"నేనేనండి, మూడో కిటికీ దగ్గర... పోయినాయన్ని. ముప్పై ఏళ్ళుగా గొడుగులు బాగుచేస్తున్నాను. ఊచలెప్పుడూ జతలుగా ఉంటాయండి. బేసి ఊచ పడితే గొడుగు ఓ పక్కకి ఒరుగుతుంది. వాడి గొడుగు ఒరగట్లేదు. అంటే తొమ్మిదోది ఊచ కాదన్నమాట. అందులో ఇంకేదో దాచారు."

మరుసటి గురువారం డిటెక్టివు తొమ్మిదో ఊచని విరిచాడు. లోపల చుట్టిన చీటీ ఉంది. దస్త్రాల గదిలో పుట్టిన కేకలకి పక్క భవనంలో ఉన్న అగ్నిమాపకంవాళ్ళు నిచ్చెన తెచ్చారు.

ఆనాటి నుంచి మేస్త్రి దశ తిరిగింది. లోపలికి రానిద్దామంటే సిబ్బంది కానివాళ్ళకి ప్రవేశం లేదు. రిజిస్ట్రారుగారు నిబంధనల పుస్తకమంతా తిరగేసి, కొత్త పదవి ఒకటి సృష్టించారు. "మృతుల తరఫు సలహాదారు (గౌరవ)". అర్హతలు మూడు. అభ్యర్థి మరణించి ఉండాలి. దానికి ఈ కార్యాలయం జారీ చేసిన రుజువుండాలి. గురువారాలు ఖాళీగా ఉండాలి. అర్హత కలిగినవారు ఆ ఊళ్ళో పదకొండు వేలమంది ఉన్నా, ఇంటర్వ్యూకి హాజరైంది మేస్త్రి ఒక్కడే.

ఆయనకి చేతుల కుర్చీ వేశారు. ఫ్యాను అటు తిప్పారు. టీ మొదటి గ్లాసు ఆయనకే. దయ్యం గోడలోంచి ఎలా దూరింది, చచ్చినవాడికి చలేస్తుందా, ఆత్మకి నీడ పడుతుందా లాంటి సందేహాలు వస్తే రిజిస్ట్రారుగారు తెర ఆపించి, "సలహాదారుగారు సెలవియ్యాలి," అనేవారు. మేస్త్రి గొంతు సవరించుకుని, "మా అనుభవంలో అయితే చలేస్తుందండి," అనేవాడు. అది రాసుకునేవారు. ముప్పై ఏళ్ళు బతికున్న మనిషిగా కొట్టు నడిపితే ఎవడూ ఇంత మర్యాదగా మాట వినలేదు. చచ్చాక చూడండి, ఎంత విలువో!

ఐదో వారానికి మేస్త్రి బుధవారం రాత్రి నిద్రపోవడం మానేశాడు. ఆరో వారానికి బేరాలొచ్చినా గురువారం కొట్టు తెరవడం మానేశాడు. ఇంట్లో భార్యకి కథ చెప్పకూడదని రూలు.

"చెప్పు. ఆ నర్సు ఏమైంది?"

"చెప్పకూడదే. ఉత్తర్వు."

"సరే. చచ్చినోళ్ళకి అన్నం వండాలని నాకే ఉత్తర్వూ రాలేదు."

ఆవిడ పొయ్యి ఆర్పేసింది. మర్నాడు ఖాళీ కడుపుతో మేస్త్రి పెట్టుకున్న అర్జీ మీద, ఏడో వారం నుంచి ఆవిడకి "మృతుని సహచరి" అనే పాసు మంజూరైంది. వచ్చిన మొదటి రోజే ఆవిడ వెనక బెంచీలో కూర్చుని, "చంపింది వాడి గురువే. అంత తియ్యగా మాట్లాడేవాడు మంచోడు కాడు," అని తేల్చేసి రిజిస్టరులో వేలిముద్ర వేసింది. రిజిస్ట్రారుగారికి ఆ మాట గుచ్చుకుంది. ఆయన ఊహ వేరే.

అయితే ఆవిడ తెర చూస్తూనే గోడ మీది క్యాలెండరూ చూసేది. పదో వారం భాగం అవగానే లేచి నిలబడింది.

"అయ్యా, డిటెక్టివు బాబు సంగతి ఆయన చూసుకుంటాడు. మా ఆయన సంగతి మీరు చూడాలి. ఇంక పదిహేను రోజులే గడువు. కొట్టు పోతే మేమేం తినాలి?"

రిజిస్ట్రారుగారు చెడ్డవారు కారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, వారి అన్నగారు రాకపోయినా నా విశేషాధికారంతో దిద్దేస్తాను. కాయితం ఇవాళే రాయిస్తాను. కాకపోతే చిన్న చిక్కు. సంతకం పెట్టిన క్షణంలో వీరు బతుకుతారు. బతికితే పదవి పోతుంది, ఈ గదిలో కూర్చోరాదు. ఇంకా రెండు భాగాలున్నాయి. సలహాదారుగారు లేకుండా ఆఖరి భాగమా!"

మేడం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "బాబాయిగారూ, ఇంత దూరం వచ్చి..."

అందరూ మేస్త్రి వైపు చూశారు. గడువు ఆఖరి రోజు పన్నెండో గురువారమే. ఆ రోజు ఐదింటిదాకా అనుమతి కార్యాలయం తెరిచే ఉంటుంది. మూడు ఇరవై నాలుగుకి భాగం అయిపోతుంది, ఇరవై ఐదుకి సంతకం, నాలుగింటికి అక్కడ. మేస్త్రి వేళ్ళు మడిచి లెక్క కట్టాడు.

"సరిపోతుందిలెండి," అన్నాడు.

భార్య మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. ఆవిడకి కూడా హంతకుడెవరో తెలుసుకోవాలని ఉంది, ఏం చేస్తుంది మరి!

పన్నెండో గురువారం రానే వచ్చింది. దస్త్రాల గదిలో బీరువాలు పక్కకి జరిపారు. రెండున్నరకే కిటికీలు మూసి, అట్టముక్కల మీద వేళలు సవరించారు. రిజిస్ట్రారుగారి ముందు బల్ల మీద మేస్త్రి బతుకు కాయితం, గుండ్రటి ముద్ర, మూత తీసిన కలం సిద్ధంగా ఉన్నాయి. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. బతకడానికి వెళుతూ నలిగిన చొక్కా ఏం బాగుంటుంది.

పాట అయింది. వాన మొదలైంది. డిటెక్టివు చీటీ పట్టుకుని పాత ఇంటి మెట్లెక్కాడు. ఒక్కో మెట్టుకీ బెంచీ కిర్రుమంది. తలుపు తోశాడు. లోపల ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు. గురువా? నర్సా? మేడం సన్నగా చదివింది. "నన్ను చంపింది నువ్వేనా?" ఆ మనిషి నెమ్మదిగా ఇటు తిరగబోతుండగా, డిటెక్టివు చేతిలో గొడుగు దానంతటదే టప్పున మూసుకుంది. తెర నల్లబడింది. పాట వచ్చింది. పాట అయ్యాక తెల్లటి అక్షరాలు రెండు వరసలొచ్చాయి.

మేడం కళ్ళు తుడుచుకుని చదివింది. "మిగతా కథ... వచ్చే సీజనులో."

ఎవరో మూలిగారు. బంట్రోతు గోడకి జారగిలబడ్డాడు. అదే పనిగా తెర వైపు చూస్తున్న రిజిస్ట్రారుగారు, మెల్లగా చెయ్యి చాపి, కలానికి మూత పెట్టారు.

"ఏంటయ్యా అది?" మేస్త్రి భార్య లేచింది. "సంతకం పెట్టండి బాబూ! ఐదింటికి అక్కడ మూసేస్తారు. రేపు పొద్దున కొట్టుకి సీలు పడుతుంది!"

"అమ్మా, నాకు మాత్రం బాధ లేదా? కానీ కొత్త సీజను మొదలయ్యేటప్పటికి సలహాదారు పదవి ఖాళీగా ఉంటే, మళ్ళీ అర్హుడైన మృతుణ్ణి ఎక్కడ వెతకను? సరే, నా అంతట నేను ఆపను. ఆయనదే నిర్ణయం." రిజిస్ట్రారుగారు కుర్చీ ఇటు తిప్పారు. "మేస్త్రిగారూ, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉండటానికి మీకేమైనా అభ్యంతరమా?"

భార్య మొగుడి మోచెయ్యి పట్టుకుని గిల్లింది. గోడ గడియారం మూడు ఇరవై ఆరు చూపిస్తోంది. అనుమతి కార్యాలయం నడిచి వెళితే అరగంట. మేస్త్రి నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అయితే ఆయన కళ్ళింకా నల్లటి తెర మీదే ఉన్నాయి. గాలి లేదు, ఎవరూ పిడి నొక్కలేదు. అయినా ఆ గొడుగు మూసుకుంది. ముప్పై ఏళ్ళలో అలా మూసుకున్న గొడుగుని ఆయన చూడలేదు. లోపల స్ప్రింగుకి ఎవరో దారం కట్టి ఉండాలి. కట్టారంటే, వాడి గొడుగుని అంతకు ముందు విప్పినవాళ్ళెవరో...

"మళ్ళీ గురువారాలేనా అండి?" అన్నాడు మేస్త్రి.

మృతుడు అభ్యంతరమేమీ తెలుపలేదని దస్త్రంలో రాసి, తేదీ వేసి, గుండ్రటి ముద్ర కొట్టారు.