గచ్చు కింది అత్తగారు

ఆ కాలనీలో ప్రతి ఇల్లూ ఆ ఇంటి ఇల్లాలి మీదే నిలబడుతుంది. వంటిల్లు కోడలి చేతికి రాగానే అత్తగారు గచ్చు కిందికి దిగి, వెల్లకిలా పడుకుని, నెమ్మదిగా రాయవుతుంది. పట్టణ పునాదుల శాఖ మనిషి వచ్చి, గట్టిపడిందని చెప్పాక పైన బండలు పరుస్తారు.

ఇందుమతి అత్తగారు మంగతాయారూ అలాగే దిగింది. దిగేముందు పచ్చడి జాడీలకి కొత్త వాసెన గుడ్డలు కట్టింది. ఎవరూ ఏడవలేదు. ఏడవాల్సిన సంగతేం కాదు.

ఈ వేసవిలో పొయ్యి వెలిగించకముందే వంటింటి గచ్చు కాలసాగింది. గోడ ఒక పక్కకి ఒరిగింది. కింద రాయి కరుగుతుంటేనే అలా అవుతుంది. భర్త సారథి శాఖకి కబురు పెట్టిన దగ్గర్నుంచీ ఇందుమతికి అన్నం సయించలేదు. అత్తగారు కరిగితే ఆ చోటు ఖాళీగా ఉంచరు, తను దిగాలి. కూతురికింకా తన జడ తను వేసుకోవడం కూడా రాదు.

శాఖ అధికారి భుజంగరావు గచ్చుకి చెవి ఆనించి విన్నాడు. రాయి కరగడానికి వేడి పెరగనక్కర్లేదట. కింద వేడి ఎప్పుడూ ఉండేదేనట, పైనున్న బరువే కరగనివ్వదట. వెనక వీధిలో అన్నదమ్ములు ఇల్లు పంచుకుని చెరో సగం చెరో పక్కకీ జరుపుకుంటే, కింద ఉన్న తల్లి మీద బరువు తేలికై, పైకి లేస్తూ లేస్తూనే కరిగిపోయిందట. ఆవిడ వెళ్ళి పక్కింటి కింద ఆగితే, ఆ సెగకి అక్కడున్నావిడా కరిగిందట.

"మీ ఇంట్లో బరువు తగ్గలేదు. పక్కన కరిగినవాళ్ళూ లేరు. నీళ్ళేమన్నా దిగాయా అమ్మా?" అన్నాడు.

కప్పు కారడం లేదని సారథి చెప్పాడు. ఇందుమతి తన చేతులకేసి చూసుకుంది. కిందటేడు గచ్చు తుడుస్తుంటే బీటలోంచి అత్తగారి గొంతు వినిపించింది. పైన ఉన్నన్నాళ్ళూ ఆవిడ నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగదు. అప్పట్నుంచీ రోజూ భోజనాలయ్యాక ఆ బీటలో ఒక గ్లాసుడు నీళ్ళు పోస్తోంది.

"నేనే పోశానండి. దాహమంది."

"అందరూ అంటారమ్మా. పొయ్యకూడదు. తడి తగిలితే రాయి ఉన్న వేడికే కరుగుతుంది." ఆయన గొంతులో కోపం లేదు. జాలిపడే ఇళ్ళే ముందు కూలుతున్నాయని మాత్రం అన్నాడు.

మర్నాడు మంగతాయారు బీటని వెడల్పు చేసుకుని పైకి వచ్చింది. ఎర్రగా, తీరిగ్గా గుమ్మం దాటి వీధిలోకి పాకింది. ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని దారి ఇచ్చారు. ఆవిడ ముఖం ఇందుమతి ఒక్కతే చూసింది. మొదటిసారి ఊరు బయల్దేరిన మనిషి ముఖంలా ఉంది.

వెనకాల ఇల్లు మూలిగింది. సాయంత్రం దాకా ఆగదన్నాడు భుజంగరావు. ఇందుమతి కూతురికి జడ వేసి, రిబ్బను ముడి బిగించి, దిగింది.

"దుప్పటి కావాలా?" అన్నాడు సారథి.

"అక్కర్లేదండీ. మాసిపోతుంది."

బండలు పరిచాక, అధికారి సలహా మీద ఇనప బీరువాని సరిగ్గా ఆమె ఛాతీ మీదికి వచ్చేలా జరిపారు. ఇల్లు నిటారుగా నిలబడింది. సారథి వంటింట్లోకి వెళ్ళాడు.

"ఇందూ, కాఫీపొడి ఎక్కడ?"

"పై అరలో, పంచదార డబ్బా వెనకాల."

దొరికింది. జవాబు ఎక్కణ్ణుంచి వచ్చిందో అతను ఆలోచించలేదు. ఏనాడూ ఆలోచించలేదు. గచ్చు కింద ఇందుమతి, బీరువా బరువు ఎలా ఉందో చూసుకుంది. కొత్తగా ఏమీ అనిపించలేదు.