సుషీ బల్ల దగ్గర మూడో మనిషి

భోజనానికి కూర్చున్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదని వాదించేవాళ్లని చూస్తే నాకు జాలి. ఫోనే లేకపోతే ఎదుటివాడు ఏం చేస్తాడు? మన మొహం చూస్తాడు. చూసి ఊరుకుంటాడా? ఏదో ఒకటి అడుగుతాడు. అడిగినందుకు మనం జవాబు చెప్పాలి. ఈలోగా తిండి చల్లారిపోతుంది!

చల్లారుతుందన్న బెంగే లేని తిండి కూడా ఒకటుంది. పచ్చి చేప. పోయిన శనివారం ఊరి నడిబొడ్డున ఉన్న సుషీ రెస్టారెంట్‌లో ఒక కొత్త స్నేహితుడితో లంచ్ చేసొచ్చాక, ఫోన్ ఎంత గొప్ప వరమో నాకు తెలిసొచ్చింది.

స్నేహితుడంటే మా ఆఫీసు బిల్డింగ్‌లోనే, మా పై ఫ్లోర్‌లో, బీమా కంపెనీలో పనిచేసే పెద్దమనిషి. కిందటి నెల లిఫ్ట్ మధ్యలో ఆగిపోయి ఇద్దరం అందులో ఇరుక్కుపోయాం. సిగ్నల్ లేదు. పాపం, గత్యంతరం లేక ఆయన నాతో మాట్లాడారు! వాళ్లమ్మగారి మతిమరుపు గురించి చెప్పి నవ్వించారు, చెబుతూ చెబుతూ తనే కళ్లు తుడుచుకున్నారు. నా గురించీ అడిగారు. మెకానిక్ వచ్చి తలుపు తీస్తే, అప్పుడేనా అనిపించింది ఇద్దరికీ. ఈ వయసులో కొత్త స్నేహితుడు దొరకడమంటే మాటలా? ఆ రోజు మా ఆవిడకి చెప్పిందే చెప్పి విసిగించాను.

ఇక నా అవసరం సంగతి. వచ్చే గురువారం నాకు కంటి ఆపరేషన్. చిన్నదే. కానీ వెంట తోడు మనిషి లేకపోతే లోపలికే రానివ్వం అన్నారు ఆసుపత్రివాళ్లు. మా ఆవిడ కాలు విరిగి, కట్టుతో మంచం మీద ఉంది. బావమరిదిని అడిగితే “చూస్తాను బావా” అన్నాడు. వాడు చూస్తానన్న పని ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు.

“మీ లిఫ్ట్ స్నేహితుణ్ణి అడగండి. మొహమాటపడి చావకుండా నోరు తెరిచి అడగండి,” అంది మా ఆవిడ.

ఆ ఒక్క మాట అడగడానికే ఆయన్ని లంచ్‌కి పిలిచాను. రెస్టారెంట్ మాత్రం ఆయనే ఎంచారు.

ఇద్దరికి సరిపడా చెక్క బల్ల, దాని పక్కనుంచి మెల్లగా కదిలే బెల్టు, దాని మీద ఊరేగుతున్న చిన్న చిన్న పళ్లేలు. కూర్చోగానే ఆయన ఫోన్ తీసి సోయా సాస్ సీసాకి ఆనించి నిలబెట్టారు. ఎంత నిజాయితీ! బల్ల కింద దాచుకుని దొంగచూపులు చూసే రకం కాదన్నమాట. నా మొహానికి సరిగ్గా అడ్డంగా వచ్చింది ఫోను. సరే, ముగ్గురం అయ్యాం అనుకున్నాను.

మొదటి పళ్లెం తీసుకుని ముక్క అందుకోబోయాను.

“ఒక్క నిమిషం సార్, ముట్టుకోకండి!”

ఫోటో. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తినే పుల్లలతో పట్టుకుని ఒకటి.

“కొంచెం మీ చెయ్యి తీస్తారా? అడ్డొస్తోంది.”

తీశాను. మెల్లగా తినమని డాక్టర్లు మొత్తుకుంటున్నా వినని వాణ్ణి నేను. ఆ రోజు ఒక్కో ముక్క కోసం చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాను. ఏ డైటీషియన్ సాధించగలదు ఈ ఘనత?

ధైర్యం కూడదీసుకుని, “మీతో ఒక మాట చెప్పాలండీ,” అన్నాను.

“చెప్పండి చెప్పండి, వింటున్నా,” అంటూ ఎవరికో టైప్ చేస్తున్నారు.

కంట్లో శుక్లం బాగా ముదిరిందని చెప్పాను.

“సూపర్ సార్!” అన్నారు.

శుక్లం ముదిరితే సంతోషించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? ఇంతటి ఆశావాదులు దేశానికి అవసరం.

ఆ తత్తరపాటులో పళ్లెం అంచున ఉన్న ఆకుపచ్చ ముద్దని మొత్తం ఒకేసారి నోట్లో వేసుకున్నాను. అది అలా తినకూడదట. ఘాటు నషాళానికంటింది. కళ్లవెంట నీళ్లు ధారగా కారిపోతున్నాయి. పరువు పోయిందంటారా? చూసిందెవరు గనక! ఫోన్ లేనివాడైతే కంగారుపడి, మంచినీళ్లు అందించి, వీపు నిమిరి, నలుగురిలో నా గుట్టు బయటపెట్టేవాడు. ఈయన తలెత్తకుండానే, “ఫ్రెష్‌గా ఉంది కదండీ?” అన్నారు. ఏడుస్తూనే అవునన్నాను.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. మనిషి ఆ ఫోన్‌లో ఉంటే నేనిక్కడ అరుస్తానేం? బల్లకి ఇవతల కూర్చుని అవతలాయనకి మెసేజ్ పెట్టాను: “గురువారం నా కంటి ఆపరేషన్. తోడుగా రాగలరా? అడగడానికి మీరు తప్ప ఎవరూ లేరు.”

ఆయన ఫోన్ టింగుమంది. రెప్పపాటులో జవాబు! పైకెత్తిన బొటనవేలు, దాని పక్కనే ఒక ఎర్రటి గుండె. నోటితో అడిగి ఉంటే ఆలోచించుకుని చెబుతాననేవారు కదా? హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

లేచేటప్పుడు ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, ఆ పూటకి మొదటిసారి నా మొహం చూశారు.

“ఎన్నాళ్లయిందో సార్, ఇలా మనసు విప్పి మాట్లాడుకుని! గురువారం నాకు సెలవు. ఇంకో మంచి చోటు చూసిపెట్టాను, పొద్దున్నే వెళ్దామా? మీకు ఖాళీయేనా?”

నేనేం చెప్పాలి, మీరే చెప్పండి! “చూస్తానండీ,” అని వచ్చేశాను.

“ఏమన్నారు?” అంది మా ఆవిడ, నేను చెప్పులు విప్పకముందే.

“గుండె బొమ్మ పెట్టారు.”

“అది వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొస్తుందా మిమ్మల్ని?” అంది. అని, తను లేవలేనందుకు తననే తిట్టుకుని అటు తిరిగి పడుకుంది. నాకు నిజంగానే దుఃఖం వచ్చింది.

అయినా సరే, ఫోన్ ఒక వరమన్న నా వాదనలో రవ్వంత మార్పు లేదు. ఒక చిన్న మనవి మాత్రం ఉంది. మీలో ఎవరికైనా గురువారం పొద్దున తీరికుంటే, నాతో ఆసుపత్రిదాకా రండి. ఏమీ చెయ్యనక్కర్లేదు. బయట బెంచీ మీద కూర్చుని, నేను కంటికి కట్టుతో వచ్చినప్పుడు, “నొప్పిగా ఉందా?” అని ఒక్క మాట అడిగితే చాలు. మీరిది ఫోన్‌లోనే చదువుతుంటారని నాకు తెలుసు. అది మాత్రం ఇంట్లో పెట్టి రండి.